మడకా, నాగలా? సీమ కథలో మాట ఎంపిక

చిన్నకథకు చోటు తక్కువ. నవలలో రెండు అధ్యాయాలు నెమ్మదిగా సాగినా మూడో అధ్యాయం ఆదుకుంటుంది. ఐదారు పుటల్లో ముగిసే కథకు ఆ వెసులుబాటు లేదు. అందుకే కథలో మాట ఒక్క పనితో ఊరుకుంటే చాలదు. వస్తువును చూపించాలి, దాన్ని చూస్తున్నదెవరో, ఏ ఊళ్లో నిలబడి చూస్తున్నారో కూడా పట్టివ్వాలి. “రైతు పొలం దున్నడం మొదలుపెట్టాడు” అన్న వాక్యంలో తప్పేమీ లేదు గానీ, ఆ రైతుది తెనాలో నిజామాబాదో తెలియదు. “ఓబులేసు మడక కట్టినాడు” అనగానే కర్నూలు, కడప వైపు మెట్టపల్లె కళ్లముందుకొస్తుంది. ఓబులేసు పేరులో అహోబిలం నరసింహస్వామి ఉన్నాడు. మడకలో రాయలసీమ ఉంది. కట్టినాడు అన్న క్రియలో ఆ ఊరి నోరు ఉంది. నిన్నో మొన్నో వాన పడిందన్న కబురూ ఉంది. నేల పదును కాకుండా మెట్టసేద్యంలో మడక కట్టడం అరుదు.

దుక్కి దున్నే ఈ పనిముట్టుకు తెలుగునేలంతా ఒకే పేరు లేదు. రాయలసీమలో మడక, చాలాచోట్ల నాగలి, కృష్ణా గుంటూరు వైపు అరక. ఇలాంటి తేడాలను పద్ధతిగా సేకరించే పని భద్రిరాజు కృష్ణమూర్తి చేపట్టారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండోది 1971లో చేనేత పదాలతో వచ్చాయి. పనివాళ్లనే అడిగి రాసుకున్న ఆ మాటల పంపిణీని బట్టి తెలుగు మాండలికాలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా గుర్తించారు. రాయలసీమ దక్షిణ మండలంలోకి వస్తుంది. భాషాశాస్త్రం కోసం చేసిన ఈ పని కథకులకు ఎంత పనికొస్తుందో చాలామంది గమనించలేదు. ఎమ్మిగనూరు నేతగాడి మీద కథ రాసేవాళ్లు మగ్గం, పడుగు, పేక దగ్గరే ఆగిపోతారు. మగ్గం ముందు కూర్చున్న మనిషికి కళ్లెదుట ఇంకా చాలా వస్తువులుంటాయి, ప్రతిదానికీ పేరుంటుంది. ఆ పేర్లు తెలియని కథలో నేతగాడు పని చేస్తున్నట్టు కనిపించడు, ఫొటోకు కూర్చున్నట్టు కనిపిస్తాడు.

సీమంతా ఒకే మాట అనుకోవడం ఇంకో పొరపాటు. కర్నూలు వైపు బుడ్డలు అనేవాటిని కడప వైపు శెనిక్కాయలు అంటారు. కోస్తాకు వస్తే వేరుశనగకాయలు, తెలంగాణలో పల్లీలు. కడపలో ఎర్రగడ్డ అన్నది కర్నూలులో ఎక్కువగా ఉల్లిగడ్డే. కోస్తావాళ్ల మరమరాలు రెండు జిల్లాల్లోనూ బొరుగులే, ఉగ్గాని చేసేది వాటితోనే. కొట్టు కాదు, దుకాణం కాదు, అంగడి. వాగు కన్నా వంక ఎక్కువ వినబడుతుంది. పత్తికొండ ముసలమ్మ నోట పల్లీలు అన్న మాట వస్తే చదివేవాళ్లు అక్కడ ఆగి తప్పు పట్టకపోవచ్చు. ఆ ముసలమ్మ మీద నమ్మకం మాత్రం కొంచెం సడలుతుంది. జిల్లాలోపల కూడా తేడాలున్నాయి. ఆదోని, ఆలూరు వైపు మాటలో కన్నడం కలుస్తుంది. 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు–కడప కాలువ కింద తడినేల ఉంది, మడి, నారు, నాటు అన్న మాటలు అక్కడ రోజూ తిరుగుతాయి. పది మైళ్ల ఆవల మెట్టలో గొర్రు, గుంటక, కొర్ర, సజ్జ తిరుగుతాయి. కాలువ కింది ఊరి మనిషి మెట్టపల్లెకు అల్లుడుగా పోతే, ఆ ఇంట్లో మొదటి పూట జరిగే మాటల్లోనే ఒక కథకు సరిపడా సరుకు ఉంటుంది.

స్థానిక పదాలు దొరికాయి కదా అని అన్నీ ఒకే పేరాలో కుమ్మరించే అలవాటు కొత్త కథకుల్లో బాగా కనిపిస్తుంది. అలా రాసిన పేరా సంతలో పరిచిన సామాను లాగా ఉంటుంది, అందులో కథ ఉండదు. పదం తెలియని పాఠకుడికి వాక్యమే అర్థం చెప్పాలి. “గుంటక తోలినాక గరికవేర్లు పైకి తేలి, మధ్యాహ్నానికల్లా ఎండకు వాడిపోయినాయి” అని రాస్తే, గుంటక ఎన్నడూ చూడనివాళ్లకు కూడా అది దున్నిన నేల మీద లాగేదనీ, కలుపును పెళ్లగించేదనీ తెలిసిపోతుంది. బొమ్మతో పనిలేదు, కింద వివరణతో పనిలేదు. కథ చివర పదార్థాల పట్టిక ఇచ్చే ఆనవాయితీ మన పత్రికల్లో ఉంది. చదివే మనిషిని కథ మధ్యలోంచి లేపి చివరి పుటకు పంపే ఆ పద్ధతి మర్యాదగా కనిపిస్తుందే గానీ, చాలాసార్లు అది వాక్యం తన పని తాను చెయ్యలేదన్న ఒప్పుకోలే.

వాన విషయంలో సీమకు ప్రత్యేకమైన పదసంపద ఉంది. పత్రికావార్తకు వర్షపాతం, మిల్లీమీటర్లు కావాలి. మెట్టరైతుకు కావలసింది పదును. తడి ఎంత లోతుకు దిగింది, విత్తనం వెయ్యొచ్చా లేదా అన్నదే ఆ మాటలోని కొలత. “పదునైంది” అన్న ఒక్క మాటతో ఇంట్లో విత్తనాల మూట కిందికి దిగుతుంది, ఎద్దులకు ఆ పూట మేత ఎక్కువ పడుతుంది, అప్పు అడగడానికి ఒకరు బయల్దేరతారు. కాలం కూడా అంతే. “జూలై మొదటి వారం దాటింది” అని తండ్రిపాత్ర అనుకుంటే అది రచయిత అనుకున్నదే. తండ్రి కార్తెల లెక్కలో “ఆరుద్ర కూడా పాయె” అనుకుంటాడు. బ్యాంకులో పనిచేసే కూతురు మాత్రం జూలై అనే అంటుంది, అనాలి కూడా. ఒకే ఇంట్లో రెండు క్యాలెండర్లు నడుస్తున్నాయన్న సంగతి ఎవరూ ఎవరికీ వివరించకుండానే తెలుస్తుంది. మాట ఎంపిక అంటే పాత మాటను వెతికి పెట్టడమని కొందరనుకుంటారు. ఎవరి నోటికి ఏది వస్తుందో తేల్చుకోవడమే అసలు పని.

నామవాచకాల కన్నా క్రియలు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కడప వైపు చాలామంది నోట “వస్తా” అన్నది “వచ్చా” అవుతుంది, “చేస్తా” అన్నది “చేచ్చా” అవుతుంది. “రేపు వచ్చాలే నాయనా” అని కడప కొడుకు అంటే రేపు వస్తానని మాట ఇస్తున్నాడు. అదే అక్షరాలు గుంటూరు పాఠకుడి కంటికి “వచ్చేశాను” అని తోస్తాయి. కథలో మలుపు ఆ క్రియ మీదే ఆధారపడితే మొత్తం తారుమారే. ఇలాంటి చోట రేపు, మాపు, నిన్న వంటి కాలపుమాట ఒకటి పక్కన పెట్టడం తేలికైన ఉపాయం. భూతకాలం దగ్గర అంత చిక్కు లేదు. కోస్తావాళ్లు “వచ్చాడు, పోయాడు” అనేచోట సీమవాళ్లు “వచ్చినాడు, పోయినాడు” అంటారు. ఈ రూపం అందరికీ అర్థమవుతుంది, చదువు ఎక్కడా తట్టుకోదు, అయినా పేరా మొత్తానికీ సీమ నడక వచ్చేస్తుంది. మాండలికం చూపించాలనుకున్న కథకుడికి ఇంతకంటే తక్కువ ఖర్చుతో దొరికే సాధనం లేదు.

దీన్ని వదిలేసి చాలామంది అక్షరాల మీద పడతారు. ఎద్దును యెద్దు చేసి, సేద్యాన్ని సేద్దెం చేసి, ప్రతి మాటనూ వంచి రాస్తారు. తెలుగు చదివే కన్ను మాట ఆకారాన్ని గుర్తుపట్టి ముందుకు సాగుతుంది. ప్రతి మాటా కొత్త ఆకారంలో కనిపిస్తే గొంతు వినబడే లోపల చదవాలన్న కోరిక పోతుంది. యాడ, ఈడ, శానా, గమ్మున, కాడికి వంటి నాలుగైదు గుర్తులు ఎంచుకుని కథ పొడుగునా నిలకడగా వాడితే పాఠకుడి చెవి మిగతాది పూర్తి చేసుకుంటుంది. నిలకడ ముఖ్యం. మొదటి పుటలో “యాడికి” అన్న మనిషి నాలుగో పుటలో “ఎక్కడికి” అంటే ఆ మధ్యలో అతను పట్నం పోయొచ్చాడేమో అనిపించాలి, లేదా రచయిత మరిచిపోయాడని తేలిపోతుంది.

ఇందులో మరో పెద్ద లోపం ఉంది, అది భాషది కాదు, చూపుది. కొన్ని కథల్లో కూలిమనిషి మాటలన్నీ విరిచి రాస్తారు, రెడ్డి మాటలు, కరణం మాటలు మాత్రం అచ్చుతెలుగులో ఉంటాయి. వాస్తవానికి ఊళ్లో ఇద్దరూ “యాడికి పోతాండావ్” అనే అంటారు. ఒకరి నోటిని మాత్రమే వంకరగా రాయడం యథార్థచిత్రణ కాదు. పై మెట్టు మీద నిలబడి కింది మనిషిని అనుకరించడం అది. కులాన్ని పట్టిచూపే తిట్లు, ఏకవచనాలు కూడా అంతే జాగ్రత్త అడుగుతాయి. అవి పాత్ర నోట రావలసినచోట రావాల్సిందే. కథ చెప్పే గొంతు కూడా వాటినే వాడితే నేరం పాత్రది కాకుండా పోతుంది.

పాత్రల నోట సీమ పలుకు సరే, కథ చెప్పే గొంతు ఏ తెలుగులో ఉండాలి? ఈ ప్రశ్నకు శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషా ఉద్యమం గ్రాంథికాన్ని వచనంలోంచి క్రమంగా పక్కకు జరిపింది. అచ్చులో స్థిరపడిన వాడుకభాష మాత్రం ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల నోటికి దగ్గరగా ఉండిపోయింది. గ్రాంథికం పోయింది గానీ, కడప పిల్లవాడికి పత్రికల తెలుగు ఇంట్లో వినే తెలుగు కాకుండానే మిగిలింది. సీమ కథకులు ఈ ఇబ్బందిని ఒకే దారిలో దాటలేదు.

కడప జిల్లా రంగశాయిపురంలో 1939లో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథల్లో కథనం నిరాడంబరమైన వాడుకభాషలో సాగుతుంది, సీమ పలుకు ఎక్కువగా సంభాషణలో వినిపిస్తుంది. ఆయన ‘జప్తు’ సంపుటి 1974లో వచ్చింది. 1996లో ‘కేతు విశ్వనాథరెడ్డి కథలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. పక్కనున్న చిత్తూరు జిల్లాలో నామిని సుబ్రమణ్యం నాయుడు ఇంకో కొసకు వెళ్లారు. ‘పచ్చనాకు సాక్షిగా’లో కథ చెప్పే గొంతు కూడా ఆ ఇంటి గొంతే, ప్రామాణికభాష గడప దాటి లోపలికి రాలేదు. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది. వ్యాకరణం అందరిదీ, వస్తువుల పేర్లు, వాక్యపు విరుపు ఊరివీ. ఏది మంచిదన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. కథను ఎవరి తల లోపలి నుంచి చెబుతున్నారన్నది తేలితే ఈ వాదనలో సగం తీరిపోతుంది. పదేళ్ల పిల్ల తన జేజి గురించి తానే చెబుతుంటే ప్రామాణికభాష అబద్ధంగా వినిపిస్తుంది. ఊరు విడిచి హైదరాబాదులో స్థిరపడిన కొడుకు ఊరిని గుర్తు చేసుకుంటుంటే కథనమంతా పల్లెపలుకులో ఉండడం అంతే అబద్ధం. అతని తలలో ఆ పలుకు అక్కడక్కడ పైకి తేలే తునకలుగానే ఉంటుంది.

కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన చేసింది కథల మీద కాదు, కడప జిల్లా ఊర్ల పేర్ల మీద. ‘కడప ఊర్ల పేర్లు’ 1976లో పుస్తకంగా వచ్చింది. కథకుడికి ఇది ఎంత అక్కరకొచ్చే విద్యో ఊహించవచ్చు. తెలుగు కథల్లో కల్పిత గ్రామాలన్నీ రామాపురాలు, సీతారామపురాలే అయి కూర్చున్నాయి. సీమ పటం మీద ఉన్న పేర్లు చూస్తే ఎర్రగుంట్ల, మైదుకూరు, వేంపల్లె, కోడుమూరు, ఆళ్లగడ్డ, పత్తికొండ. గుంట, గడ్డ, కొండ, పల్లె, ఊరు అన్నవి నేలను, నీటిని, మనుషులు కుదురుకున్న తీరును చెప్పే మాటలు. కల్పిత ఊరికి చింతకుంట అని పేరు పెడితే అక్కడ ఒకప్పుడు కుంట ఉండేదన్న సంగతి పెట్టుబడి లేకుండా వచ్చేస్తుంది. ఆ కుంట ఇప్పుడు ఎండిపోయిందని రచయిత వేరే చెప్పనక్కర్లేదు, ఆడవాళ్లు బిందెలతో ఎంత దూరం పోతున్నారో చూపిస్తే చాలు.

మనుషుల పేర్లూ ఇంతే. మద్దిలేటి అంటే కర్నూలు వైపు మనిషని సీమలో చెప్పనవసరం లేదు, అక్కడ మద్దిలేటి నరసింహస్వామి కొలువున్నాడు. దస్తగిరి, ఉసేనయ్య అన్న పేర్లు హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తాయి, దర్గా మొక్కుబడి వల్ల వచ్చినవవి. బయటి పాఠకుడు మొదట తికమక పడినా, కథ అతనికి ఆ ఊరి ఇచ్చిపుచ్చుకోళ్ల గురించి ఏదో ఒకటి నేర్పుతుంది.

పిలుపుల దగ్గర కథకుడు పెట్టే శ్రద్ధకు దక్కినంత ప్రతిఫలం మరెక్కడా దక్కదు. సీమ ఇళ్లలో తండ్రి నాయన, తండ్రి తమ్ముడు చిన్నాయన. నాయనమ్మ కొన్ని ఇళ్లలో జేజి, కొన్ని ఇళ్లలో అవ్వ. తాత చాలాచోట్ల అబ్బ. కర్నూలు, అనంతపురం వైపు మగవాళ్ల మాటల్లో “ఏంప్పా” వినిపిస్తే, కడప వైపు ఆడవాళ్లను పిలిచే “మే” ఉంది. రక్తసంబంధం లేకున్నా, కులం ఒకటి కాకున్నా, ఊళ్లో మామా, అన్నా, వదినా అన్న వరసలు కలుపుకోవడం మామూలే. ఈ వరసలు ఎప్పుడు నిలుస్తాయి, ఎప్పుడు తెగుతాయి అన్నదాంట్లోనే సగం కథలున్నాయి. అప్పిచ్చిన అంగడాయన నిన్నటిదాకా “ఏంప్పా మద్దిలేటీ, రాప్పా” అని పిలిచి, ఈరోజు నలుగురి ముందు “రండి మద్దిలేటిగారూ, కూర్చోండి” అన్నాడనుకుంటే, ఆ గారూలో మర్యాద లేదు. లెక్క తేల్చుకుందాం రమ్మన్న కబురు ఉంది. రచయిత “అతని స్వరంలో కాఠిన్యం ధ్వనించింది” అని కలిపితే ఆ దెబ్బ సగానికి పడిపోతుంది.

కచేరీ మాటలకు సీమలో పాత చరిత్ర ఉంది. కర్నూలు, కడప నవాబుల కాలం నుంచీ, తర్వాత కంపెనీ కచేరీల నుంచీ పార్శీ, అరబీ మాటలు పల్లె దాకా దిగాయి. జప్తు, జమాబందీ, కౌలు, దస్తావేజు అన్నవి ఇప్పుడు రైతు సొంత మాటలే. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వీటి బరువును గుర్తించాడు. 1852లో అచ్చయిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో పాటు, కచేరీ వ్యవహారంలో తిరిగే మాటలకు జిల్లా నిఘంటువునూ, 1854లో మిశ్రభాషా పదాలకు వేరే నిఘంటువునూ తయారుచేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. కథకుడు ఒక మధ్యాహ్నం ఆ నిఘంటువులు తిరగేస్తే, ఒకప్పుడు ఊళ్లో భయం పుట్టించిన మాటలేవో తెలుస్తుంది.

నేటి కచేరీ మాటలు ఇంగ్లీషువి. బోరు, మోటరు, ట్రాన్స్‌ఫార్మర్, పాసుబుక్కు, లోను, రెన్యువల్. బోరును గొట్టపుబావి అని రాసే కథకుడు భాషను కాపాడుతున్నాననుకుంటాడు. “నాలుగో బోరు కూడా ఫెయిలు” అనే రైతు గొంతును మాత్రం పోగొట్టుకుంటాడు. బోరు, ఫెయిలు రెండూ ఇప్పుడు సీమ తెలుగే. ముస్లిం ఇళ్ల కథల్లో ఉర్దూ, తెలుగు కలిసే తీరు ఇంకా సున్నితమైనది. దూదేకుల ఇళ్లలో ఇంటిభాష తెలుగే, నమాజు మాటలు, పండగ పేర్లు, కొన్ని వరసలు మాత్రం వేరు. కడప జిల్లా వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అంతకుముందు ఏడాది అదే పురస్కారం అదే ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి దక్కింది. రెండు పుస్తకాల పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి వారపు నమాజును, మరొకటి పల్లె పున్నమిని తలపిస్తుంది. కథాశీర్షికకు పెద్ద పదబంధాలు అక్కర్లేదు. ఆ సమాజంలో అప్పటికే బరువు మోస్తున్న మాట ఒకటి దొరికితే చాలు. జప్తు అలాంటిదే. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవలే అయినా ఇక్కడ గుర్తుకొస్తుంది. కరువులో గొర్రెలను మేపుకోవడానికి నల్లమల ఎక్కి వారాల తరబడి అడవిలో గడిపే అలవాటుకు కాపరుల దగ్గరున్న పేరే పుస్తకానికి పేరైంది. 2019లో తానా బహుమతి, 2021లో సినిమా వచ్చాక ఆ మాట తెలుగునేలంతా తెలిసింది.

సినిమా సీమకు ఎప్పుడూ ఇంత మేలు చెయ్యలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ నాటికి కత్తి, నాటుబాంబు, వరసగా వచ్చే సుమోలు, “సీమ” అన్న మాటను గట్టిగా ఒత్తి పలికే సంభాషణ అచ్చులో పోసినట్టు తయారయ్యాయి. కథల్లోకి కూడా ఆ అచ్చు దిగింది. కరువు కథలకు ఇంకో పాత అచ్చు ఉంది. నెర్రెలు విచ్చిన నేల, ఆకాశం వైపు చూసే రైతు, డొక్కలెగరేసే ఎద్దు. మొదటిసారి చూసి రాసినవాళ్లకు అవి సొంతం. తర్వాత రాసేవాళ్లకు అవి వాడిపారేసిన మాటలు. ఈ తేడా తెలియడానికి ఒకే సంగతిని రెండు విధాలుగా రాసి చూడవచ్చు.

“భయంకరమైన కరువు రక్కసి ఆ ఊరిని కబళించింది. నెర్రెలు విచ్చిన నేలను చూసి ఓబులేసు గుండె తరుక్కుపోయింది.”

“మూడో సంత కూడా అయిపోయింది. ఎద్దుల ధర అడిగిన మనిషి లేడు. ఓబులేసు ఇంటికొచ్చి, మిగిలిన సొప్పను రెండు పాళ్లు చేసినాడు. ఒకటి మాపటికి, ఒకటి రేపటికి.”

రెండో దాంట్లో కరువు అన్న మాటే లేదు, గుండె లేదు. సొప్ప, సంత, మాపు ఉన్నాయి. ఎద్దులకు ఇంకెన్ని పూటలుందో పాఠకుడే లెక్కపెట్టుకుంటాడు. మొదటిదాంట్లో భయంకరమైన అన్న విశేషణం భయాన్ని పుట్టించదు, భయపడమని చెబుతుంది, అంతే. 1899లో గోర్కీకి రాసిన ఉత్తరంలో చేహోవ్ ఇదే సలహా ఇచ్చాడు. విశేషణాలు, క్రియావిశేషణాలు వీలైనన్ని కొట్టెయ్యమనీ, మనిషి గడ్డి మీద కూర్చున్నాడంటే ఆగకుండా అర్థమవుతుందనీ, దానికి పది గుణాలు తగిలిస్తే మెదడు తడబడుతుందనీ ఆ సలహా సారాంశం. తెలుగులోనూ విశేషణం బరువు ఎక్కువే, అది నామవాచకానికి ముందే వచ్చి కూర్చుంటుంది. వస్తువు కనబడేలోపలే దాని మీద తీర్పు వినాల్సి వస్తుంది.

కథను పాడుచేసే ఇంకో అలవాటు ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు మాటల్లో రాయడం. “అతను తన చేతిని తన జేబులో పెట్టుకుని తన బీడీని బయటకు తీశాడు” అన్న వాక్యంలో మూడు తనలున్నాయి. తెలుగువాడు “జేబులోంచి బీడీ తీసినాడు” అంటాడు, జేబు ఎవరిదన్న సందేహం రాదు. క్రియ చివరే మనిషిని చెబుతుంది కాబట్టి ప్రతి వాక్యాన్నీ అతనుతో మొదలుపెట్టక్కర్లేదు. “ఎద్దులు అమ్మబడ్డాయి” అని సీమలోనే కాదు, తెలుగునాట ఎక్కడా ఎవరూ అనరు. ఈ జబ్బు మీద శ్రద్ధగా పనిచేసిన విమర్శకుడు కడప జిల్లావాడే. పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, రా.రా.గా ప్రసిద్ధుడు. కడప నుంచి 1968లో ‘సంవేదన’ పత్రిక నడిపాడు, మాస్కోలో ప్రగతి ప్రచురణాలయానికి అనువాదాలు చేశాడు. కథలూ రాశాడు. ఆయన ‘అనువాద సమస్యలు’కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పేరు చూసి అనువాదకులకే అనుకుని పక్కన పెట్టే పుస్తకం కాదది. ఇంగ్లీషు చదివి తెలుగు రాసే ప్రతివాళ్లూ ఎంతో కొంత అనువాదకులే.

మాటల్ని పట్టుకోవలసిన చోట్లు నిఘంటువుల బయట ఎక్కువగా ఉన్నాయి. కర్నూలు ఉల్లి మార్కెట్టు, పత్తికొండ టమోటా సంత, ఆదోని పత్తి యార్డు, ప్రొద్దుటూరు అంగళ్లు. వేలంపాట దగ్గర అరగంట నిలబడితే పాట, తరుగు, కమీషను, హమాలీ అన్న మాటలు ఏ వరసలో వస్తాయో, రైతు ఏ మాట దగ్గర నోరు మూసుకుంటాడో తెలుస్తుంది. వినవలసింది పదాన్ని ఒక్కదాన్నే కాదు, దాని చుట్టూ ఉన్న వాక్యాన్ని. పుస్తకంలో రాసుకున్న ఒంటిపదం కథలోకి వచ్చినప్పుడు తెచ్చిపెట్టినట్టే కనిపిస్తుంది. రాసిన కథను పైకి చదువుకుంటే నోరు తట్టుకున్నచోట మాట తప్పిందనుకోవచ్చు. వేరే జిల్లా మనిషికి ఒకసారి, అదే ఊరి మనిషికి ఒకసారి చదివి వినిపించడం ఇంకా మంచిది. మొదటివాళ్లు అర్థం కానిచోట ఆపుతారు, రెండోవాళ్లు అబద్ధమైనచోట నవ్వుతారు.

చివరగా కాలం. మాటకు ఊరుతో పాటు ఏడాది కూడా ఉంటుంది. ఎద్దులతో నీళ్లు తోడే కపిల కథలో కనిపిస్తే, కరెంటు మోటర్లు బావులకు రాకముందు కాలమని అర్థం. ఆ కథలోనే బోరు లోను గురించి మాట్లాడితే కుదరదు. పడి, సేరు అన్న కొలతలు ముసలివాళ్ల నోట ఇప్పటికీ వినిపించవచ్చు, అంగడాయన మాత్రం కిలోలే తూస్తాడు. మడక సైతం చాలా ఊళ్లలో మూలన పడి, ట్రాక్టరు గంటల లెక్కన దున్నుతోంది. ఈనాటి కథలో ఓబులేసు మడక కట్టాడంటే అతని దగ్గర ఇంకా ఎద్దులున్నాయని, ట్రాక్టరుకు బాడుగ పెట్టలేకపోయాడని అర్థం వస్తుంది. అది రచయిత ఉద్దేశం కాకపోతే మాట మార్చుకోవాలి. జిల్లాల పేర్లూ చూసుకోవాలి. నంద్యాల, అన్నమయ్య జిల్లాలు 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డాయి. 1990లో జరిగే కథలో ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలో, రాయచోటి కడప జిల్లాలో ఉండాలి.